పండగ సేల్ ముందు సీఎస్‌ఎస్ పద్ధతి మారుస్తున్నారా? ఇవి చూసుకోండి

మొన్న ఒక షాపింగ్ సైట్‌లో మొబైల్ మెనూ మాయమైంది. పాత పేజీలు బూట్‌స్ట్రాప్‌వి (పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో రాసిపెట్టిన రెడీమేడ్ స్టైళ్ల సెట్). కొత్త పేజీల కోసం దాని పక్కనే టెయిల్‌విండ్ అనే ఇంకో సెట్ కూడా పెట్టారు. ‘కొలాప్స్’ అనే క్లాస్ (స్టైల్ తగిలించడానికి వాడే పేరు) రెండింటిలోనూ ఉంది. బూట్‌స్ట్రాప్‌లో అది మెనూను మూసి తెరవడానికి. టెయిల్‌విండ్‌లో అదే పేరు విజిబిలిటీని మారుస్తుంది, అంటే ఉన్నదాన్ని కనబడకుండా చేస్తుంది. నొక్కితే మెనూకి చోటు వస్తోంది, అందులో అక్షరం ముక్క కనబడదు. దసరా సేల్‌కు ముందు ఇలాంటివి ఇంకా జరుగుతాయి.

ఏ పద్ధతి ఎంచుకోవాలి?

దీని మీద జరిగే గొడవంత పెద్ద విషయం కాదిది. సర్వర్ టెంప్లేట్లు (పేజీలు సర్వర్‌లోనే తయారయ్యేవి), చాలా టీములు ఉంటే యాండెక్స్ నుంచి వచ్చిన బెమ్ అనే పద్ధతిలో క్లాసులకు పేర్లు పెడితే చాలు. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో కట్టేదైతే సీఎస్‌ఎస్ మాడ్యూల్స్ (ఒక ఫైలులోని క్లాసులు ఇంకో ఫైలువాటితో కలవకుండా చూసేవి). రంగులు, కొలతలు ముందే ఖాయమై ఉంటే టెయిల్‌విండ్. జావాస్క్రిప్ట్‌లోనే స్టైళ్లు రాసే స్టైల్డ్ కాంపొనెంట్స్ 2025లో మెయింటెనెన్స్‌లోకి వెళ్లింది, కొత్తగా మొదలుపెట్టొద్దు.

నేను చూసినంతలో టీములను ముంచేది ఒకటే: పాతది తీయకుండా కొత్తది తేవడం. ‘మెల్లగా మారుద్దాం’ అంటారు, మార్చే మనిషి ఉద్యోగం మారిపోతాడు. పాతది తీసే తేదీ, తీసే మనిషి ఖాయం కాకుండా కొత్తది తేవొద్దు.

కొన్నాళ్లు రెండూ ఉండక తప్పదంటే

పాత సీఎస్‌ఎస్ మొత్తాన్ని ఒక లేయర్‌లో (ఏ రూల్స్ గెలవాలో వరస చెప్పే సీఎస్‌ఎస్ గుంపు) పెట్టి, కొత్తది దాని తర్వాతి లేయర్‌లో పెట్టండి; తర్వాతిదే గెలుస్తుంది. లేయర్‌లో లేని రూల్ లేయర్‌లో ఉన్నదాన్ని ఓడిస్తుంది. టెయిల్‌విండ్ 4 లేయర్లలోనే వస్తుంది కాబట్టి, బయట మిగిలిన పాత లింకు రంగు కూడా దాన్ని కొట్టేస్తుంది. ఇంపార్టెంట్ (మిగతావాటిని దాటి గెలవమని రూల్‌కు తగిలించే మాట) పెట్టిన రూల్స్‌కు ఈ వరస తిరగబడుతుంది: ముందున్న పాత లేయరే గెలుస్తుంది. అందుకని ముందు పాత ఇంపార్టెంట్లు ఏరేయండి. చిరాకు పనే, తప్పదు.

ఇక మిగతావి.

టెయిల్‌విండ్‌ క్లాసుల పేర్ల ముందు ఒక ప్రిఫిక్స్ పెట్టండి. ‘కంటైనర్’ కూడా రెండింటిలో ఉంది.

బ్రౌజర్ మామూలుగా ఇచ్చే స్టైళ్లను చెరిపేసే టెయిల్‌విండ్ ప్రీఫ్లైట్ పాత పేజీల మీద పడనివ్వొద్దు. హెడ్డింగుల సైజులు, లిస్టుల చుక్కలు పోతాయి.

క్లాస్ పేర్లను కోడ్‌లో ముక్కలుగా అతికించొద్దు. టెయిల్‌విండ్ ఫైళ్లను మామూలు టెక్స్ట్‌గానే చదువుతుంది, పూర్తి పేరు కనబడకపోతే రూల్ తయారుచేయదు.

ఐడీ సెలెక్టర్ (పేజీలో ఒక్క భాగాన్ని దాని ఐడీతో పట్టుకునే రూల్) వద్దు.

మీ లాప్‌టాప్‌లో బాగుందని నమ్మొద్దు. ప్రొడక్షన్ బిల్డ్‌లో, అంటే జనానికి వెళ్లే రూపంలో, సీఎస్‌ఎస్ ఫైళ్ల వరస మారొచ్చు. బలం సమానమైతే చివర వచ్చిన రూలే గెలుస్తుంది. బిల్డ్ చేసి, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లి మరీ చూడండి.

తెలుగు పేజీ కూడా తెరవండి. లైన్ హైట్ (వరుస ఎత్తు) తగ్గిస్తే ఒత్తులు తెగొచ్చు, ఇంగ్లిష్ పేజీ చూసేవాళ్లకు అది తెలియదు.

పాతది తీయకుండా మూడోది తేవొద్దు. అవును, మూడోది తెచ్చినవాళ్లూ ఉన్నారు.

సేల్ వారంలో ‘సీఎస్‌ఎస్సే కదా’ అంటూ వచ్చే ఏ మార్పునూ అసలు కోడ్‌లో కలపొద్దు (మెర్జ్ చేయొద్దు). మేనేజర్ అడిగినా సరే.