రింగ్‌టోన్ ఫోన్లోకి ఎక్కించుకోవడం ఎలా, అసలు పాట ఎక్కడ కొయ్యాలి

ముందు ఒక విషయం తేల్చేసుకుందాం, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా "నా ఫోన్లో పాట పెట్టరా" అన్నారంటే సగం సార్లు వాళ్ళు అడిగేది రింగ్‌టోన్ కాదు. మనకి కాల్ వచ్చినప్పుడు మన ఫోన్లో మోగేది రింగ్‌టోన్. మనకి ఫోన్ చేసినవాళ్ళకి ట్రింగ్ ట్రింగ్ బదులు వినపడే పాట కాలర్ ట్యూన్, అది మన ఫోన్లో ఉండదు, సిమ్ కంపెనీ వాళ్ళ దగ్గర ఉంటుంది, వాళ్ళ యాప్‌లోంచే పెట్టుకోవాలి. అడక్కుండానే ఏదైనా సర్వీస్ యాక్టివేట్ అయి బ్యాలెన్స్ కట్ అవుతుంటే 155223 కి ఫోన్ చేసి ఆపించుకోవచ్చు. కాలర్ ట్యూన్ సంగతి ఇంతటితో వదిలేద్దాం, ఇక్కడి నుంచి మాట్లాడేదంతా రింగ్‌టోన్ గురించే.

చాలామంది పాట మొత్తం, ఐదు నిమిషాలది, అలాగే రింగ్‌టోన్‌గా పెట్టేస్తారు. దాంతో ఏమవుతుందంటే, మన దగ్గర మొబైల్‌కి వచ్చిన కాల్ ఎవరూ ఎత్తకపోతే 30 సెకన్లు మోగుతుంది, అంతే, 2019లో ట్రాయ్ (టెలికాం కంపెనీల మీద ఉండే ప్రభుత్వ సంస్థ) పెట్టిన రూల్ అది (ల్యాండ్‌లైన్‌కైతే 60 సెకన్లు). మన సినిమా పాటల్లో మొదట హమ్మింగ్, ఆ తర్వాత వయొలిన్లు, అప్పుడు తబలా, అలా అలా పల్లవి అందుకునేసరికి కాల్ కట్ అయిపోయి మిస్డ్ కాల్ పడుతుంది. మెల్లగా మొదలయ్యే పాటైతే మొదటి ఐదారు సెకన్లు ఫోన్ మోగుతున్నట్టే తెలీదు, బస్సులో ఉంటే అసలే వినపడదు. అందుకే డౌన్‌లోడ్ చెయ్యడం కంటే కొయ్యడం ముఖ్యం. 25 నుంచి 30 సెకన్ల ముక్క చాలు, అది కూడా పల్లవి ఎత్తుకునే చోటు నుంచో, బాగా గుర్తుపట్టే మ్యూజిక్ బిట్ నుంచో మొదలవ్వాలి.

ఇంకోటి, ఫోన్ స్పీకర్ చిన్నది, దాంట్లో బేస్ రాదు. హెడ్‌ఫోన్స్‌లో గుండెలదిరే డ్రమ్స్ బిట్ ఫోన్ స్పీకర్లో డబ్బా మీద కొట్టినట్టు ఉంటుంది. వేణువు, నాదస్వరం, వయొలిన్, గొంతు, ఇలా పై స్థాయిలో ఉండే శబ్దాలు బాగా పలుకుతాయి, జేబులోంచి కూడా వినపడతాయి. కాబట్టి ముక్క సెలెక్ట్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్స్ తీసేసి ఫోన్ స్పీకర్ మీదే విని చూడండి.

ఇక పాట ఎక్కడ దొరుకుతుంది. స్పాటిఫై, జియోసావన్ లాంటి యాప్‌లలో "డౌన్‌లోడ్" నొక్కితే వచ్చేది పనికిరాదు, యూట్యూబ్ ప్రీమియం డౌన్‌లోడ్ కూడా అంతే, అవి తాళం వేసిన ఫైళ్ళు, ఆ యాప్ బయట తెరుచుకోవు, ఫైల్ మేనేజర్‌లో ఎంత వెతికినా పాటలాగా కనపడవు. మీరు కొన్న పాటలు, పాత సీడీల నుంచి కంప్యూటర్లోకి కాపీ చేసుకున్నవి ఉంటే అవి వాడుకోండి. పాట కాకుండా ఉత్తి మ్యూజిక్ చాలనుకుంటే యూట్యూబ్ వాళ్ళ ఆడియో లైబ్రరీ ఉంది, గూగుల్ అకౌంట్‌తో యూట్యూబ్ స్టూడియోలోకి వెళ్తే ఫ్రీగా ఎంపీ3 దింపుకోవచ్చు. రెడీమేడ్ ముక్కలు కావాలంటే జెడ్జ్ యాప్ చాలా ఏళ్ళ నుంచి ఉంది, యాడ్స్ ఎక్కువ, ఓపిక పట్టాలి.

గూగుల్‌లో "తెలుగు రింగ్‌టోన్స్ ఫ్రీ డౌన్‌లోడ్" అని కొడితే వచ్చే సైట్లతో మాత్రం జాగ్రత్త. పేజీలో నాలుగు పెద్ద పెద్ద ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్లుంటాయి, అన్నీ యాడ్‌లే, అసలుది ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, పాట ఫైల్ చివర ఎంపీ3 అనో ఎం4ఏ అనో ఉండాలి, దాన్ని నొక్కితే ప్లే అవ్వాలి. నొక్కగానే "ఇన్‌స్టాల్ చెయ్యాలా" అని అడిగినా, ఫైల్ పేరు చివర ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) అని ఉన్నా అది పాట కాదు, వెంటనే డిలీట్ చేసెయ్యండి. అలాగే రింగ్‌టోన్ యాప్ "సిస్టమ్ సెట్టింగ్స్ మార్చడానికి పర్మిషన్" అడగడం మామూలే, టోన్ మార్చాలంటే అది కావాలి. కానీ మీ ఎస్సెమ్మెస్‌లు చదువుతానంటే ఎందుకు? ఓటీపీలు వచ్చేది అక్కడే కదా. నో చెప్పండి.

నన్నడిగితే అన్నిటికంటే మంచి రింగ్‌టోన్ ఇంట్లోనే ఉంటుంది. ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి అమ్మమ్మ చేతో, మేనకోడలి చేతో "ఒరేయ్ ఫోన్ మోగుతోందిరా, ఎత్తరా" అనిపించి రికార్డ్ చెయ్యండి, డౌన్‌లోడ్ గొడవ లేదు, కాపీరైట్ గొడవ లేదు, పెళ్ళిలో వందమంది మధ్య మోగినా అది మీ ఫోనే అని తెలుస్తుంది. మీటింగ్‌లో మాత్రం సైలెంట్‌లో పెట్టుకోండి మరి.

కొయ్యడం ఫోన్లోనే అయిపోతుంది, ప్లేస్టోర్‌లో రింగ్‌టోన్ కట్టర్ అని వెతికితే బోలెడు యాప్స్ వస్తాయి, అన్నీ ఒకేలా ఉంటాయి, పాట అలల్లాగా కనపడుతుంది, మొదలూ చివరా రెండు గీతలు జరిపి సేవ్ కొట్టడమే. కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ బెస్ట్, ఫ్రీ. పాట తెరిచి, కావాల్సిన ముక్కని మౌస్‌తో సెలెక్ట్ చేసి, అది మాత్రమే ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి. చివరి రెండు సెకన్లు ఫేడ్ అవుట్ (శబ్దం మెల్లగా తగ్గిపోవడం) పెడితే పాట మళ్ళీ మొదటికి తిరిగినప్పుడు టక్కుమని తెగినట్టు ఉండదు. మొదట్లో ఫేడ్ ఇన్ (మెల్లగా పెరగడం) పెట్టేటట్టైతే అర సెకను చాలు, ఎక్కువ పెడితే పైన చెప్పిన వినపడని సమస్య మళ్ళీ మొదటికొస్తుంది. క్వాలిటీ 128 కేబీపీఎస్ పెట్టండి, 30 సెకన్లకి అర ఎంబీ కూడా అవ్వదు, ఆ చిన్న స్పీకర్‌కి 320 పెట్టినా తేడా తెలీదు.

కంప్యూటర్ నుంచి ఫోన్లోకి ఎక్కించడం. కేబుల్ పెట్టగానే ఆండ్రాయిడ్ ఫోన్ ఉత్తి ఛార్జింగ్ మోడ్‌లో ఉంటుంది, కంప్యూటర్లో ఏమీ కనపడదు, అక్కడే చాలామంది ఆగిపోతారు. ఫోన్లో పైనుంచి నోటిఫికేషన్ కిందకి లాగితే యూఎస్‌బీ అని ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కి "ఫైల్ ట్రాన్స్‌ఫర్" సెలెక్ట్ చెయ్యండి. అసలు ఆ నోటిఫికేషనే రాకపోతే కేబుల్ మార్చి చూడండి, రోడ్డు మీద చవగ్గా దొరికే కొన్ని కేబుళ్ళలో ఛార్జింగ్ వైర్లే ఉంటాయి, డేటా వైర్లు ఉండవు. ఫోన్ తెరుచుకున్నాక ఇంటర్నల్ స్టోరేజ్‌లో "రింగ్‌టోన్స్" అని ఫోల్డర్ ఉంటుంది, లేకపోతే ఇంగ్లీషులో అదే పేరుతో ఒకటి క్రియేట్ చేసి, ముక్కని అందులో వెయ్యండి. డౌన్‌లోడ్స్‌లో వదిలేస్తే కొన్ని ఫోన్లలో టోన్ల లిస్టులోకి రాదు, పైగా నెల తర్వాత స్టోరేజ్ నిండిందని డౌన్‌లోడ్స్ అంతా క్లీన్ చేస్తే టోన్ కూడా పోతుంది, ఫోన్ మళ్ళీ కంపెనీ టోన్‌కి వెళ్ళిపోతుంది. మెమరీ కార్డులో పెట్టినా ఇదే తంటా, కార్డు తీస్తే టోన్ పోయినట్టే.

కేబుల్ లేకపోతే బ్లూటూత్ చాలు, అర ఎంబీ ఫైలే కదా. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి అయితే ఫోన్లోనే ఉండే క్విక్ షేర్ ఇంకా ఫాస్ట్. ఫైళ్ళు పంపుకునే షేరిట్, జెండర్ యాప్‌లు 2020 జూన్‌లో మన దేశంలో బ్యాన్ అయ్యాయి, ఎవరో ఏపీకే పంపిస్తే మళ్ళీ వేసుకోకండి, వాటి అవసరమే లేదు. వాట్సాప్‌లో పంపించుకోవచ్చు కానీ "డాక్యుమెంట్"గా పంపండి, అందుకున్నాక ఫైల్ మేనేజర్‌లోకి వెళ్ళి రింగ్‌టోన్స్ ఫోల్డర్‌లోకి మూవ్ చెయ్యండి.

ఇక పెట్టుకోవడం. సెట్టింగ్స్, సౌండ్, రింగ్‌టోన్, ఈ దారి దాదాపు అన్ని ఆండ్రాయిడ్‌లలో ఒకటే. శాంసంగ్‌లో పైన ప్లస్ గుర్తు నొక్కితే ఫోన్లో ఉన్న పాటలన్నీ వస్తాయి. మిగతా కంపెనీల్లో "లోకల్ ఫైల్స్" అనో "ఫోన్ నుంచి ఎంచుకో" అనో ఏదో పేరుతో ఉంటుంది. రెండు సిమ్‌లుంటే సిమ్ 1కి ఒకటి, సిమ్ 2కి ఒకటి వేరుగా పెట్టుకునే వీలు చాలా ఫోన్లలో ఉంది, ఆఫీస్ నంబర్ ఉన్నవాళ్ళకి భలే ఉపయోగం, ఆదివారం ఎత్తాలో వద్దో ఫోన్ చూడకుండానే తెలిసిపోతుంది. లిస్టులో మీ ఫైల్ పేరు కనపడకపోతే కంగారుపడకండి, ఫోన్ కొన్నిసార్లు ఫైల్ పేరు కాకుండా పాట లోపల రాసి ఉన్న టైటిల్ చూపిస్తుంది, మీరు "అమ్మ టోన్" అని సేవ్ చేసినా అక్కడ పాట పేరో, దింపుకున్న సైట్ పేరో ఉంటుంది. అప్పటికీ లేకపోతే ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి.

ఒక్కొక్కరికి ఒక్కో టోన్ కావాలంటే కాంటాక్ట్స్‌లో ఆ పేరు తెరిచి, మూడు చుక్కలు నొక్కితే "సెట్ రింగ్‌టోన్" ఉంటుంది. అది కనపడట్లేదంటే ఆ నంబర్ సిమ్‌లో సేవ్ అయి ఉండొచ్చు, సిమ్‌లో పేరూ నంబరూ తప్ప టోన్ పట్టదు, ఫోన్లోకో గూగుల్ అకౌంట్‌లోకో మార్చుకోండి.

ఐఫోన్ వాళ్ళకి ఇన్నేళ్ళూ ఇదొక యజ్ఞం. ఐఓఎస్ 26 నుంచి ఈజీ అయింది, 30 సెకన్ల లోపు ముక్కని ఫైల్స్ యాప్‌లో పెట్టి, షేర్ నొక్కితే "రింగ్‌టోన్‌గా వాడు" అనే ఆప్షన్ వస్తుంది. పాత ఐఓఎస్ అయితే యాపిల్ వాళ్ళదే గ్యారేజ్‌బ్యాండ్ దింపుకోవాలి, ఫ్రీ. అందులో ఆడియో రికార్డర్ తెరిచి, ట్రాక్స్ వ్యూకి మారి, పైన ఉన్న లూప్ గుర్తు నొక్కి ఫైల్స్ నుంచి పాటని లాగి ట్రాక్ మీద వదలాలి. ఇక్కడే ఒక చిక్కుంది, సెక్షన్ (పాట పట్టే చోటు) మామూలుగా 8 బార్లకే (బార్ అంటే తాళం లెక్కలో ఒక కొలత) ఉంటుంది, అంటే దాదాపు 17 సెకన్లు, అందుకే పాట సగంలో తెగుతుంది, పక్కన ప్లస్ నొక్కి సెక్షన్‌ని "ఆటోమేటిక్" చేస్తే సరి. టిక్ టిక్ మనే మెట్రోనోమ్ ఆపుకోండి, లేకపోతే బుర్ర తినేస్తుంది. తర్వాత మై సాంగ్స్‌లోకి వచ్చి ప్రాజెక్ట్‌ని నొక్కి పట్టి, షేర్, రింగ్‌టోన్, ఎక్స్‌పోర్ట్.

కీప్యాడ్ ఫోన్ అయితే బ్లూటూత్‌లో పంపండి, లేదా మెమరీ కార్డు తీసి కార్డ్ రీడర్‌తో ఎంపీ3 వేసివ్వండి, ఎం4ఏ అన్నిట్లో పాడదు. మ్యూజిక్ ప్లేయర్‌లో పాట పెట్టి, ఆప్షన్స్‌లో "రింగ్‌టోన్‌గా పెట్టు" అని ఉంటుంది.

అంతా అయ్యాక పక్కవాళ్ళ ఫోన్ నుంచి ఒక కాల్ కొట్టించుకుని వినండి. మెల్లగా వస్తే వాల్యూమ్ బటన్ ఉత్తినే నొక్కకండి, చాలా ఫోన్లలో అది పాటల వాల్యూమ్ పెంచుతుంది. రింగ్ వాల్యూమ్ వేరు, సౌండ్ సెట్టింగ్స్‌లో వేరే గీత ఉంటుంది, దాన్ని జరపండి. అసలు మోగకపోతే డు నాట్ డిస్టర్బ్ ఆన్‌లో ఉందేమో చూడండి, చంద్రవంక గుర్తో, మైనస్ గుర్తో పైన కనపడుతుంది.