కొట్టా, కొలువా? మూడో పాఠం: మన కష్టానికి కూలి కట్టడం

పన్నెండు నెలల అమ్మకాలు, కొనుగోళ్లు ఒక పుస్తకంలోకి ఎక్కించమని గత పాఠంలో చెప్పాను. సంక్రాంతి నెల ఒక్కటే చూస్తే ఏ కొట్టయినా కళకళలాడుతుంది. ఆషాఢం ఒక్కటే చూస్తే మూసేయాలనిపిస్తుంది. అందుకే ఏడాది సగటు తీయాలి. ఆ పని ముగించనివారు దయచేసి ముందు అది ముగించండి. ఈ లెక్కంతా దాని మీదే నిలబడుతుంది.

ఆలమూరు దగ్గర ఒక ఊళ్లో భార్యాభర్తలు కిరాణా కొట్టు నడుపుతున్నారనుకుందాం. ఆయనకు మండపేటలోని ఒక రైస్ మిల్లులో నెలకు 15,000 జీతంతో గుమాస్తా పని వచ్చింది. వెళ్లాలా, వద్దా? అంకెలు పాఠం కోసం వేసుకున్నవి, మీ అంకెలు మీరు వేసుకోండి.

నెల అమ్మకం సగటున 1,80,000. నూటికి పది చొప్పున లాభం 18,000. కరెంటు 1,600, సరుకు తెచ్చే ఆటో 1,200, పాడైపోయిన సరుకు 700, బయట తెచ్చిన లక్ష రూపాయలకు నూటికి రూపాయిన్నర వడ్డీ 1,500. మొత్తం ఖర్చు 5,000. మిగిలింది 13,000. చాలామంది ఇక్కడ పుస్తకం మూసి, ‘జీతం కన్నా రెండు వేలేగా తక్కువ, సొంత కొట్టే నయం’ అనుకుంటారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాను.

ఇంకా మూడు పద్దులు రాయాలి. కొట్టు ఉన్న గది సొంతమే, కానీ అద్దెకిస్తే 3,000 వస్తుంది. అది తీసేయండి. సరుకులో పెట్టిన సొంత డబ్బు లక్షన్నర బ్యాంకులో ఉంటే నూటికి అర్ధ రూపాయి చొప్పున 750 వచ్చేది. అదీ తీసేయండి. మిగిలింది 9,250. ఇక గంటలు. ఆయన రోజుకు పదకొండు గంటలు, ఆమె నాలుగు గంటలు, నెలంతా సెలవు లేకుండా కూర్చుంటే 450 గంటలు. 9,250ని 450తో భాగించండి: గంటకు 20 రూపాయల 55 పైసలు. ఆమె గంటలు కలపడం మరచిపోవద్దు. మధ్యాహ్నం ఇంటిపని మధ్యలో వచ్చి తూకం వేసే మనిషి కష్టాన్ని లెక్కలో రాయకపోవడం అన్యాయం, లెక్క కూడా తప్పుతుంది.

ఇంట్లో వాడుకున్న బియ్యం, నూనె సంగతి కొందరు అడిగారు. పద్దు పుస్తకంలో మీ ఇంటికీ ఒక పేజీ తెరిచి, అమ్మకంగానే రాయండి.

ఇప్పుడు కొలువు. 15,000లో భవిష్య నిధికి (పీఎఫ్) 12 శాతం, అంటే 1,800, ఉద్యోగుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్‌ఐకి 0.75 శాతం, అంటే 113 కోత. చేతికి 13,087. పెట్రోలు 1,500 పోతే 11,587. భవిష్య నిధి 1,800 మన డబ్బే. యజమాని ఇచ్చే 12 శాతంలో 3.67 శాతం, సుమారు 550, అదే నిధిలో చేరుతుంది. కలిపితే 13,937. మిగతా 8.33 శాతం పింఛనుకు వెళుతుంది, దాన్ని ఇక్కడ కలపలేదు. ప్రయాణంతో సహా రోజుకు పది గంటలు, 26 రోజులు, అంటే 260 గంటలు. గంటకు 53 రూపాయల పైచిలుకు. ఈఎస్‌ఐ వైద్యం కుటుంబానికీ వర్తిస్తుంది. 2017 నుంచి దాని జీతపు పరిమితి 21,000, అంటే నెల జీతం అంతకు మించనివారికే అది వర్తిస్తుంది.

అయినా తీర్పు అప్పుడే చెప్పకండి. అరువు మిగిలే ఉంది, గోదావరి డెల్టాలో కొట్టు బతుకంతా అందులోనే ఉంది. అరువు తీసుకున్న రైతులు ‘సార్వా (వానాకాలం వరి) కోతలయ్యాక ఇస్తాను’ అంటారు, అవి కాగానే ‘దాళ్వా (రెండో పంట) రానీయండి’ అంటారు. వాళ్లది మోసం కాదు. కౌలు రైతుకు ముందు కౌలు, తర్వాత ఎరువుల బాకీ, ఆ తర్వాతే మన ఉప్పూ పప్పూ. కోతల వేళ తుఫాను వస్తే ఆ మూడోది మిగలదు. 2011లో గిట్టుబాటు లేక కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించి, వరి నాటకుండా వదిలేసినప్పుడు మా కొట్టు అమలాపురం దగ్గరే ఉండేది. ఆ ఏడు పద్దు పుస్తకం నిండింది, గల్లా పెట్టె అడుగు కనిపించింది. అడగడానికి నోరు రాలేదు, ఎందుకంటే వాళ్ల గాదెలు నేను చూశాను.

కనుక ప్రతి పేరు పక్కన, చివరిసారి ఎంతో కొంత జమ చేసిన తేదీ రాయండి. బాకీ ఎంతన్నదాని కన్నా ఈ తేదీ ముఖ్యం. గడిచిన రెండు పంటల్లో పైసా జమ లేకపోతే ఆ బాకీని రానిదిగా పక్కన పెట్టండి. వస్తే సంతోషం. అమ్మిన సరుకు బాకీకి దావా గడువు మామూలుగా మూడేళ్లే. గడువులోగా బాకీదారు రాసి సంతకం చేస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. అలా రానివి 40,000 తేలాయనుకోండి. నూటికి పది లాభం మీద ఆ సొమ్ము తిరిగి సంపాదించాలంటే 4,00,000 అమ్మాలి. ఈ కొట్టుకు అది రెండు నెలలకు పైగా ఉచిత చాకిరీ.

ఈ వారం అభ్యాసం: ఏడు రోజులు కొట్టు తలుపు తీసిన వేళ, మూసిన వేళ, ఎవరెంతసేపు కూర్చున్నదీ గోడ క్యాలెండరు మీద రాయండి. పద్దు పుస్తకంలో జమ తేదీలు నింపండి. గంట కూలి కట్టి, ఆ అంకె ఇంట్లో ఇద్దరూ కలిసి చూడండి. వచ్చే పాఠంలో ఆయన మిల్లుకు వెళ్లి, ఆమె సరుకు సగానికి తగ్గించి ఉదయం, సాయంత్రం మాత్రమే కొట్టు తెరిస్తే లెక్క ఎలా మారుతుందో వేద్దాం. దానికి మీ కొట్టులో రోజూ కదిలే ఇరవై సరుకుల జాబితా కావాలి, సిద్ధంగా ఉంచుకోండి.