నిర్బంధ తరలింపుల పాఠం చెప్పబోయే టీచర్లకు కొన్ని జాగ్రత్తలు

హిస్టరీ సిలబస్‌లో ఆ చాప్టర్ దగ్గర పడుతోందంటే చాలామంది టీచర్లకు టెన్షన్ మొదలవుతుంది. ఏ తప్పూ చేయని కుటుంబాలను తెల్లవారకముందే నిద్రలేపి, గూడ్సు బోగీల్లో కుక్కి, వాళ్లు పేరు కూడా వినని చోటికి పంపేశారని పద్నాలుగేళ్ల పిల్లలకు ఎంతవరకు చెప్పాలి, ఎలా చెప్పాలి? కొందరు ఒక పేరా చదివించి దాటేస్తారు, కొందరు తమకు తెలిసిందంతా ఒకే పీరియడ్‌లో గుమ్మరిస్తారు. నేను రెండూ చేశాను, రెండుసార్లూ పిల్లలకే నష్టం జరిగింది. అందుకే ఇది రాస్తున్నాను.

పాఠానికి కనీసం వారం ముందే క్లాసులో ఎవరెవరున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. యుద్ధం వల్లో గొడవల వల్లో ఇల్లు వదిలి వచ్చిన కుటుంబం పిల్లలు ఉండొచ్చు, ఆ సంగతి అడ్మిషన్ కాగితాల్లో ఎక్కడా ఉండదు. పాఠంలో దోషులుగా కనిపించే దేశానికో జాతికో చెందిన పిల్లలూ ఉండొచ్చు. అలాంటి పిల్లలు ఉన్నారని తెలిస్తే ముందే పక్కకు పిలిచి, రేపు ఈ విషయం చెప్పబోతున్నానని మామూలుగా చెప్పండి, కావాలంటే బయట కూర్చోవచ్చని కూడా చెప్పండి. క్లాసు మధ్యలో మాత్రం "మీ వాళ్లకూ ఇలాగే జరిగింది కదా, నువ్వు చెప్పమ్మా" అని లేపి నిలబెట్టకండి. తన జాతి మొత్తం తరఫున సాక్ష్యం చెప్పడం ఆ పిల్ల పని కాదు. తల్లిదండ్రులకు నాలుగు లైన్ల నోట్ పంపండి, హెడ్‌కు లెసన్ ప్లాన్ రాతపూర్వకంగా ఇచ్చి ఉంచండి. రేపు ఎవరైనా ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటే ఆ కాగితమే మీకు అండ.

అన్నిటికంటే ముఖ్యం, దయచేసి పిల్లల చేత నాటకం ఆడించకండి. ఒకరు పోలీసు, ఒకరు ఖైదీ, బెంచీలు జరిపి రైలు బోగీ చేయడం లాంటివి వద్దు. వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ (నాజీలు యూదులను సామూహికంగా చంపడం) మెమోరియల్ మ్యూజియం టీచర్లకిచ్చే సూచనల్లో కూడా ఇలాంటి యాక్టివిటీలు పెట్టొద్దనే ఉంది. కొన్నేళ్ల కిందట నేను అది పట్టించుకోలేదు. పదిహేను నిమిషాల్లో ఇల్లు వదలాలి, బ్యాగులో పట్టేవే తీసుకోవాలి, ఏం తీసుకుంటారో రాయండి అన్నాను. వెనక బెంచీల్లో ఒకటే నవ్వులు, ఫోన్ ముందా ఛార్జర్ ముందా అని వాదనలు. మూడో బెంచీలో ఒక అమ్మాయి మాత్రం తెల్లకాగితం ముందు పెట్టుకుని పెన్ను క్యాప్ తీస్తూ పెడుతూ కూర్చుంది, ఒక్క అక్షరం రాయలేదు. తర్వాత తెలిసింది, వాళ్లు నిజంగానే ఒక రాత్రి కట్టుబట్టలతో బయటపడిన కుటుంబం. ఆ నవ్వులన్నీ ఆ పిల్ల వింటూ కూర్చుంది. మిగతా పిల్లలకైనా ఏమైనా అర్థమైందా అంటే అదీ లేదు, బ్యాగు సర్దడం ఒక ఆట అని తప్ప. "బాధితుడిగా ఊహించుకుని ఉత్తరం రాయండి" అనే హోంవర్క్ కూడా ఇలాంటిదే, మానేయండి.

నాటకానికి బదులు కాగితాలు పెట్టండి. నేను ఇప్పుడు ఎప్పుడూ క్రిమియా తాతార్ల తరలింపుతోనే మొదలుపెడతాను, వీళ్లు నల్ల సముద్రం ఒడ్డున ఉన్న క్రిమియా ద్వీపకల్పపు ముస్లిం జాతి. 1944 మే 11న సోవియట్ రక్షణ కమిటీ ఒక ఆర్డర్ ఇచ్చింది, కింద స్టాలిన్ సంతకం. అది చదివితే ఏదో ప్రయాణ ఏర్పాట్ల సర్క్యులర్‌లా ఉంటుంది. కుటుంబానికి 500 కిలోల వరకు సామాను తీసుకెళ్లొచ్చట, వదిలేసిన పశువులకూ ధాన్యానికీ రసీదులిస్తారట, ప్రతి రైల్లో ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు ఉంటారట, రోజూ వేడి భోజనం, మరిగించిన నీళ్లు కూడా ఇస్తారట. పిల్లల చేత ఇది నిదానంగా చదివించండి. తర్వాత, వారం తిరిగేసరికి అంటే మే 18 తెల్లవారుజామున నిజంగా ఏం జరిగిందో, బతికి బయటపడినవాళ్లు చెప్పింది పక్కన పెట్టండి. తలుపు మీద తుపాకీ మడమతో బాదడం, సర్దుకోవడానికి పదిహేను ఇరవై నిమిషాలు, చాలామందికి అదీ లేదు, మూసేసిన గూడ్సు బోగీల్లో ఉజ్బెకిస్తాన్ దాకా రెండు మూడు వారాల ప్రయాణం, దారిలో చనిపోయినవాళ్లను పట్టాల పక్కనే వదిలేయడం. మూడు రోజుల్లో ఇలా దాదాపు 1,90,000 మందిని పంపేశారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి "500 కిలోలు సర్దడానికి ఎంతసేపు పడుతుంది?" అని ఒక్క ప్రశ్న అడగండి చాలు, క్లాసు తనంతట తానే నిశ్శబ్దమైపోతుంది. ఎవరూ ఏడవక్కర్లేదు, ఎవరూ ఖైదీ వేషం వేయక్కర్లేదు.

ఇక్కడే ఒక కుర్రాడు లేచి "వాళ్లు జర్మన్లకు సాయం చేశారంట కదా సార్" అంటాడు. తప్పకుండా అంటాడు, ఇంటర్నెట్‌లో అదే రాసి ఉంటుంది. కసురుకోకండి. కొందరు చేశారు, నిజమే. మరి ఆ ఆర్డర్‌లో చంటిపిల్లలకు మినహాయింపు ఉందా, ముసలివాళ్లకు ఉందా? ఎర్రసైన్యంలో జర్మన్లతో పోరాడిన తాతార్ సైనికులను కూడా సైన్యంలోంచి తీసేసి ప్రవాసానికి పంపారు. 1967లో సోవియట్ ప్రభుత్వమే జాతి మొత్తం మీద వేసిన ఆ నిందను వెనక్కి తీసుకుంది, కానీ ఊళ్లకు తిరిగి రానివ్వలేదు, పెద్ద ఎత్తున తిరిగి రావడం 1980ల చివర్లో గానీ మొదలవలేదు. కొందరు చేసిన పనికి అందరినీ శిక్షించడం అంటే ఏమిటో ఈ ఒక్క ఉదాహరణతో పిల్లలకు బాగా అర్థమవుతుంది. అదే తప్పు వాళ్లు తిరగేసి చేయకుండా కూడా చూడండి. పీరియడ్ చివరికి "రష్యన్లంతా ఇంతే", "జర్మన్లంతా ఇంతే" అన్నారంటే పాఠం అడ్డం తిరిగినట్టే.

మాటల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. పంపేసినవాళ్లు తామెప్పుడూ వెళ్లగొట్టాం అనరు. జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక, 1942లో అమెరికా పశ్చిమ తీరంలో గోడలకు అంటించిన నోటీసులు జపనీయుల సంతతి వాళ్లందరినీ, "విదేశీయులూ, విదేశీయులు కానివాళ్లూ" కూడా వెళ్లిపోవాలని చెప్పాయి. విదేశీయులు కానివాళ్లు అంటే ఎవరు? సొంత దేశ పౌరులు. ఆ మాట రాస్తే ఎవరైనా అడుగుతారని రాయలేదు. అలా పంపేసింది సుమారు 1,20,000 మందిని, అందులో మూడింట రెండొంతుల మంది పౌరులే. కొన్ని కుటుంబాలను లాస్ ఏంజెలెస్ దగ్గర శాంటా అనీటా గుర్రప్పందేల మైదానంలో గుర్రాల కొట్టాల్లో ఉంచారు, దానికి పెట్టిన పేరు అసెంబ్లీ సెంటర్. బోర్డు మీద ఇలాంటి మాటలు ఒక పక్క, వాటి అసలు అర్థం ఇంకో పక్క రాయించండి. మీరు మాట్లాడేటప్పుడు కూడా "తరలి వెళ్లారు" అనకండి, "తరలించారు" అనండి. ఆ ఒక్క మాట తేడాలో ఎవరు చేశారన్నది దాక్కుంటుంది.

ఎవరు చేశారన్నదానికి పారిస్ ఉదాహరణ బాగా పనికొస్తుంది. పారిస్ జర్మన్ల ఆక్రమణలో ఉన్నప్పుడు, 1942 జులై 16, 17 తేదీల్లో అక్కడ సుమారు 13,000 మంది యూదులను పట్టుకున్నారు, అందులో 4,000 మందికి పైగా పిల్లలే. పట్టుకున్నది ఫ్రెంచ్ పోలీసులు. చిరునామాలు ముందే కార్డుల మీద రాసిపెట్టి ఉన్నాయి. కార్డులు రాసిన గుమాస్తా, తలుపు తట్టిన కానిస్టేబుల్, బస్సు నడిపిన డ్రైవర్, వీళ్లంతా అంతకుముందు రోజు వరకు మామూలు ఉద్యోగులు. ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఇందులో బాధ్యత ఉందని ఒక అధ్యక్షుడు, జాక్ షిరాక్, బహిరంగంగా ఒప్పుకోవడానికి 1995 దాకా పట్టింది.

ఫోటోల గురించి నా మాట సూటిగా చెబుతాను, శవాల గుట్టలు చూపించకండి. పిల్లలు బొమ్మ గుర్తుపెట్టుకుని మనిషిని మర్చిపోతారు, పైగా వాళ్లు ఆ మనుషుల్ని అంతకుముందు ఎప్పుడూ బతికి ఉండగా చూసి ఉండరు. తరలింపుకు ముందు ఇల్లు, పెళ్లి, బడి, దుకాణం ఎలా ఉండేవో చూపించే ఫోటోలు వెతకండి. ఏ ఫోటో చూపించినా ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని అడగండి, ఎందుకంటే చాలా ఫోటోలు పంపేసినవాళ్లే తీసినవి.

అంకెలు పెంచి చెప్పకండి. క్రిమియా మరణాల మీద అధికారుల లెక్క వేరు, తాతార్లు తామే ఇల్లిల్లూ తిరిగి వేసుకున్న లెక్క వేరు. వాళ్ల లెక్కలో తొలి ఏళ్లలోనే 46 శాతం మంది పోయారు. రెండూ చెప్పండి, ఎందుకు తేడా వచ్చిందో చెప్పండి. మీరు ఒక్క అంకె తప్పు చెప్పినా, అసలేం జరగలేదని వాదించేవాళ్లకు అదే పట్టు దొరుకుతుంది. ఎవరి బాధ పెద్దది అనే పోటీ కూడా పెట్టకండి.

చట్టం మాట క్లుప్తంగా చాలు. 1948 డిసెంబర్ 10 నాటి మానవ హక్కుల ప్రకటనలో తొమ్మిదో అధికరణ ఎవరినీ ఇష్టారాజ్యంగా నిర్బంధించకూడదు, దేశం నుంచి వెళ్లగొట్టకూడదు అంటుంది. 1949 నాలుగో జెనీవా ఒప్పందంలోని 49వ అధికరణ ఆక్రమిత ప్రాంతాల నుంచి జనాన్ని బలవంతంగా తరలించడాన్ని నిషేధించింది. తేదీలు చూపించి, ఇవి ఏ సంవత్సరాల తర్వాత పుట్టాయో పిల్లల్నే చెప్పమనండి.

చివరిగా టైమ్. బోగీ తలుపు మూసిన దగ్గర బెల్ మోగకూడదు, కాబట్టి ఒక పీరియడ్ సరిపోదు, రెండు పెట్టుకోండి. రెండో పీరియడ్‌లో చివరి పది నిమిషాలు తిరిగి వచ్చినవాళ్ల గురించి, క్షమాపణల గురించి ఉంచండి. అమెరికా 1988లో చట్టం చేసి, తాను అలా పంపేసిన జపనీయుల సంతతి వాళ్లలో అప్పటికి బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు, దాంతోపాటు క్షమాపణ ఇచ్చింది. అది సరిపోయిందా అని పిల్లలు వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. ఆ రోజు హోంవర్క్ ఇవ్వకండి, "ఇంటికెళ్లి నెట్‌లో వెతకండి" అని అసలు అనకండి, మీరు ప్రింట్ తీసిన కాగితాలే ఇవ్వండి. తర్వాతి పీరియడ్ టీచర్‌కు ఏం చెప్పి వచ్చారో ఒక్క మాట చెప్పి ఉంచండి. అందరూ వెళ్లాక ఒక ఐదు నిమిషాలు బల్ల దగ్గరే ఏవో కాగితాలు సర్దుకుంటూ ఉండండి, మాట్లాడాలనుకున్న పిల్ల సాధారణంగా చివరగా వెళ్తుంది.