కాంటా చూసినంకనే షట్టర్

దేవరకొండ దిక్కు కిరాణం నడిపే విశ్వాసులకు ఒక మాట. పొద్దుగాల ప్రార్థన అయినంక, గిరాకీ రాకముందే, ముద్ర ఉన్న కిలో రాయి కాంటా మీద పెట్టి చూడుండ్రి. 10 గ్రాముల తేడా ఉన్నా సరిచేయించుండ్రి. బైబిల్ల సామెతలు 11:1, లేవీయకాండము 19:36 రెండూ తూకం ముచ్చటే, చర్చిలో కూసునే ముచ్చట కాదు.

"గిట్లయితే గిట్టుబాటు అయితదా?" అని మా అన్న నవ్విండు. మత్తయి 6:33ల ముందు నీతి, తిండీ బట్టా ఆ వెనకనే. గిరాకీ పడిపోయిన రోజు నాకూ గుబులే. ఆ రాత్రి నెల లెక్క తియ్య. రేపటి పాలు, కూరగాయల మందమే కాగితం మీద రాసి, దానికే ప్రార్థన చేసి పండుకుంట. ఎడారిల దేవుడిచ్చిన తిండి మన్నాను కూడా ఇశ్రాయేలీయులు ఏ దినానిది ఆ దినమే ఏరుకున్నరు గదా, రెండు దినాలది ఏరుకున్న ఆరో దినం తప్ప.