సెలవుల తర్వాత పిల్లలకు ఏం గుర్తుందో కనుక్కోవడం ఎలా?

ఈ పని జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే చేయాలి. కొత్త పుస్తకాలు, వాటి వెనకే గైడ్లు వచ్చేశాక పిల్లలు రాసేది వాళ్ల బుర్రలోదో గైడులోదో తేల్చడం కష్టం. ముందురోజు చెప్పినా అంతే, బట్టీ పట్టి వస్తారు.

నేను ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, పేరు రాయవద్దంటాను. "మార్కులుంటాయా టీచర్?" అని ముందు బెంచీ నుంచి ఎవరో ఒకరు అడిగి తీరుతారు. ఉండవని చెప్పాకే వెనక బెంచీల్లో కలాలు కదులుతాయి.

మొదటి ప్రశ్న విశాలంగా ఉండాలి: "పోయిన ఏడాది సైన్సులో గుర్తున్నవన్నీ రాయండి. వరస అక్కర్లేదు, బొమ్మ వేసినా సరే." పది నిమిషాలు ఇచ్చి మీరు నోరు మెదపకండి. ఒక్క మాట అందించినా తరగతి మొత్తం దాని వెంటే పరుగెడుతుంది. కొందరు కోతి తరగతిలోకి వచ్చిన రోజు గురించి రాస్తారు. నవ్వి పక్కన పెట్టేయకండి. ఆ రోజు ఏ పాఠం నడుస్తోందో అడిగి చూడండి, చాలామంది చెబుతారు.

రెండో ప్రశ్న ఇరుకుగా ఉండాలి, పుస్తకంలోని వాక్యంలా ఉండకూడదు. "ఆమ్లం అంటే ఏమిటి?" అంటే నిర్వచనం వస్తుంది, లేదా రాదు. రెండింటివల్లా మనకు తెలిసేది ఏమీ లేదు. నేనైతే ఇలా అడుగుతాను: "పసుపు పూసిన కాగితం మీద ఒకచోట సబ్బునీళ్లు, ఇంకోచోట నిమ్మరసం చుక్క వేస్తే ఏమవుతుంది?"

సబ్బునీళ్లకు పసుపు ఎర్రబడడం దాదాపు అందరికీ గుర్తుంటుంది, తమ వేళ్లకు అంటిన రంగు కదా. నిమ్మరసానికి రంగు మారదు, అయితే దానికీ ఎర్రబడుతుందని రాసేవాళ్లు తక్కువేమీ కాదు. ఆమ్లాన్ని గుర్తుపట్టే నీలి లిట్మస్ కాగితం ఆమ్లంలో ఎర్రబడిన సంగతి వచ్చి పసుపుతో కలిసిపోయింది. రంగు మిగిలింది, దేనివల్ల వచ్చిందో పోయింది. మళ్లీ చెప్పవలసింది సరిగ్గా అంతే, పాఠమంతా కాదు.

"ఇంత మరచిపోయారా?" అని మాత్రం అనకండి. పెళ్లిలో పారాణి ఎలా కలుపుతారో అడగండి. పసుపులో సున్నమని ఎవరో ఒకరు అంటారు. అక్కడే కాస్త కలిపి, ఎర్రబడ్డాక నిమ్మకాయ పిండండి. మళ్లీ పసుపు రంగుకు తిరుగుతుంది. ఆమ్లమూ క్షారమూ ఒకదాని గుణాన్ని ఇంకొకటి పోగొట్టడమే తటస్థీకరణం, దాని గురించి వేరే ఉపోద్ఘాతం అక్కర్లేదు.

ఇక ఏడాది పొడవునా చేయవలసింది ఒకటుంది. పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి, పోయిన నెల పాఠం నుంచి ఒక ప్రశ్న ఇవ్వండి. రోడిజర్, కార్పికే అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు వాళ్లను దాటిపోయారు. పిల్లలకు మాత్రం మళ్లీ చదవడమే ఇష్టం, అన్నీ వచ్చేసినట్టు అనిపిస్తుంది మరి. కొన్నాళ్లు సణుగుతారు, పట్టించుకోవద్దు.

జూన్ కాగితాలు పారేయకుండా బీరువాలో పెట్టండి. ఏప్రిల్‌లో మళ్లీ అడిగేటప్పుడు నిమ్మరసం బదులు చింతపండు పులుసు, సబ్బునీళ్ల బదులు వంటసోడా నీళ్లు పెట్టి ప్రశ్న మార్చండి.