ఇసుక ర్యాంపు నుంచి ప్రపంచ లెక్క దాకా: చిన్నతరహా గని కార్మికుల సంఖ్యను అంచనా వేయడం ఎలా

ఎక్కువగా చేతి పనిముట్లతో తవ్వే చిన్నతరహా గనుల్లో పనిచేసేవాళ్లు ప్రపంచంలో ఎంతమంది? 1993 నాటి అంచనా 60 లక్షలు. 1999లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 1.3 కోట్లు అంది. 2014కి 3 కోట్లు, 2017కి 4.05 కోట్లు అన్నారు. ప్రపంచ బ్యాంకు 2020 నివేదిక 80 దేశాలు కలిపి దాదాపు 4.5 కోట్లు అని చెప్పింది. ఈ అంకెల్ని వరసగా పేర్చి "ఇన్ని రెట్లు పెరిగారు" అనకూడదు. తవ్వేవాళ్లు పెరిగిన మాట నిజమే కానీ, మునుపు లెక్కకు రాని దేశాలూ ఖనిజాలూ తర్వాత చేరడం వల్ల కూడా అంకె పెరిగింది. బంగారం తవ్వేవాళ్ల మీద పెట్టినంత దృష్టి ఇసుక, రాయి, మట్టి తవ్వేవాళ్ల మీద ఎవరూ పెట్టలేదు. ధవళేశ్వరం ఆనకట్ట ఎగువన మునిగి బకెట్‌తో ఇసుక తీసే మనిషి లాంటివాళ్లే ఇలా జారిపోతుంటారు. దేశాల అంకెలన్నీ చివరికి ఇలాంటి ఇసుక రేవుల (ర్యాంపుల) నుంచే రావాలి కాబట్టి, ఒక రేవును సరిగ్గా లెక్కపెట్టడం దగ్గరే మొదలుపెడదాం.

ముందు ఎవర్ని లెక్కపెడుతున్నారో కాగితం మీద రాసుకోండి. మునిగేవాళ్లు, తాడు లాగేవాళ్లు, పడవ నడిపేవాళ్లు, గట్టున ఇసుకను ట్రాక్టర్లకు ఎత్తే ముఠా, తట్టలు మోసేవాళ్లు, జల్లెడ పట్టేవాళ్లు: వీళ్లంతా లోపల. ట్రాక్టర్ డ్రైవరు, టీ కొట్టు వాళ్లు, ఇంటి దగ్గర ఆధారపడ్డవాళ్లు బయట. 1999లోనే 1.3 కోట్ల పక్కన ఆధారపడ్డవాళ్లు 8 నుంచి 10 కోట్లన్న అంకె కూడా వచ్చింది. ఆ రెండింటినీ కలగాపులగం చేసినవాళ్లు చాలామందే. ఆడవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. "జట్టులో ఎంతమంది?" అని మేస్త్రిని అడిగితే మగవాళ్ల లెక్కే చెబుతాడు. తట్ట మోసే భార్యను "తోడుగా వచ్చింది" అంటాడు. అందుకే మేస్త్రి మాట రాసుకుని ఊరుకోకుండా, గట్టు మీద పనిచేస్తున్న ప్రతి మనిషినీ కంటితో చూసి రాయాలి.

ఏడాదిలో ఎన్ని రోజులు చేస్తే కార్మికుడు? 30 రోజులు పెట్టుకోండి. కేంద్ర కార్మిక సర్వే పీఎల్ఎఫ్ఎస్ కూడా అనుబంధ పనిని (ప్రధాన పని కాక చేసేదాన్ని) అదే గీతతో కొలుస్తుంది కాబట్టి తర్వాత పోల్చుకోవచ్చు. ఆ సర్వేలో రాయి, ఇసుక, మట్టి తవ్వకం కోడ్ 0810. రాష్ట్రం మొత్తానికి ఒక దిశ చూపిస్తుంది గానీ, జిల్లా స్థాయిలో ఆ కోడ్ కింద పడే కుటుంబాలు అతి తక్కువ. దాన్నుంచి కోనసీమకు అంకె తీయబోవద్దు.

తర్వాత రేవుల జాబితా. ఇసుక తవ్వకాల కోసం తయారుచేసే జిల్లా సర్వే రిపోర్టుల్లో రీచ్‌ల (ఇసుక తవ్వే నదీ భాగాల) పేర్లు దొరుకుతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయన్నది గుర్తుపెట్టుకోండి. కొవ్వూరు వైపు రేవులు పాత రిపోర్టుల్లో పశ్చిమ గోదావరిలో ఉంటాయి, ఇప్పుడు తూర్పు గోదావరిలో. రావులపాలెం, ఆలమూరు కోనసీమలోకి వెళ్లాయి. పాత జాబితానూ కొత్త జాబితానూ అతికిస్తే కొన్ని రేవులు రెండుసార్లు పడతాయి, కొన్ని అసలు మాయమవుతాయి. మండలం, గ్రామం, ఏ గట్టు అన్నవి రాసి కలపండి.

అనుమతి లేని రేవులు రిపోర్టులో ఉండవు. వాటికి ఉపగ్రహ చిత్రాలు పనికొస్తాయి. సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద 10 మీటర్లు. పడవల్ని లెక్కపెట్టడానికి చాలదు. నీటి దాకా దిగే ట్రాక్టర్ బాట, గట్టు మీద ఇసుక గుట్ట మాత్రం కనిపిస్తాయి. వర్షాకాలం చిత్రాలు మబ్బులతో నిండిపోతాయి, జనవరి నుంచి మే వరకు తీసినవి చూడండి.

ఇక లెక్కపెట్టే రోజు. పెద్ద ర్యాంపులన్నిటికీ వెళ్లాలి. చిన్నవాటిలో చీటీలు తీసి కొన్ని ఎంచుకోవాలి. వరదకాలం వద్దు: ధవళేశ్వరంలో 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఎగిరితే నదిలోకి దిగేవాడు ఉండడు. సంక్రాంతి వారం, శూన్యమాసాలు కూడా మామూలు రోజులు కావు. శంకుస్థాపనలు ఉండవు, ఇసుకకు గిరాకీ పడిపోతుంది. ఆదివారం ఒకటి, పనిరోజు ఒకటి విడివిడిగా రాయండి. నది నడుమ లంగరు వేసిన పడవను రెండు గట్ల నుంచీ లెక్కపెట్టే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ పడవ ఇసుక ఏ గట్టుకు దించితే ఆ గట్టుకే రాయండి.

ఒక ర్యాంపులో 17 పడవలు, పడవకు సగటున 5గురు అనుకుందాం. అంటే ఆ రోజు పడవల మీద 85 మంది. చాలా లెక్కలు ఇక్కడే ఆగిపోతాయి, అసలు తప్పు కూడా ఇక్కడే దొర్లుతుంది. 85 అన్నది ఆ రోజు పనిలో ఉన్నవాళ్ల సంఖ్య మాత్రమే. మునగడం ఒంటిని పిండేసే పని. ఇవాళ దిగినవాడు రేపు పొలం పనికి పోవచ్చు, వాడి చోట తమ్ముడు రావచ్చు. సీజన్ మొత్తంలో ఆ పడవల మీద బతికేవాళ్లు ఎంతమంది అన్నది తేలాలంటే రెండుసార్లు చూడాలి.

మొదటి రోజు వచ్చిన ప్రతి మనిషికీ చిన్న గుర్తు రాసుకోండి: పేరులో మొదటి అక్షరం, సొంతూరు, వయసు అంచనా. ఆధార్, ఫోన్ నంబర్ అడగవద్దు. అడిగితే సగంమంది మొహం చాటేస్తారు. కొన్ని రోజులకు మళ్లీ వెళ్లి అలాగే రాయండి. మొదటిసారి 80 మంది, రెండోసారి 90 మంది, రెండుసార్లూ కనిపించినవాళ్లు 45 మంది అనుకుందాం. చాప్‌మన్ సూత్రం (రెండుసార్లు చూసినదాన్నిబట్టి మొత్తం అంచనా వేసే గణాంక సూత్రం) ప్రకారం 81ని 91తో గుణించి, 46తో భాగించి, 1 తీసేయాలి: 159 మంది. ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూఇటూ ఊగుతుందన్న కొలత) దాదాపు 11; అందుకు దాదాపు రెండింతలు అటూఇటూ వేస్తే 138 నుంచి 180 మధ్య. 159ని 85తో (80, 90ల సగటు కూడా అదే) భాగిస్తే 1.87. పడవలు మాత్రమే లెక్కపెట్టగలిగిన ఆ కోవ రేవుల్లో ఈ నిష్పత్తితో గుణించుకోవచ్చు.

ఈ లెక్క తప్పేది మూడు కారణాల వల్ల. పడవవాళ్ల సొసైటీ పడవలు రోజు విడిచి రోజు వంతుల మీద దిగే చోట సరి సంఖ్య రోజుల తేడాతో వెళ్తే అదే బ్యాచ్ మళ్లీ దొరుకుతుంది, మొత్తం తక్కువగా తేలుతుంది. బేసి రోజుల తేడాతో వెళ్తే వేరే బ్యాచ్ వచ్చి ఉమ్మడివాళ్లు దాదాపు దొరకరు, మొత్తం ఉబ్బిపోతుంది. ముందే వంతులు కనుక్కుని ఒక్కో బ్యాచ్‌ను విడిగా రెండుసార్లు చూసి, ఆ రెండు మొత్తాలనూ కూడండి. మొదటిసారి మిమ్మల్ని చూసి బెదిరినవాళ్లు రెండోసారి పక్కకు తప్పుకుంటే ఉమ్మడి సంఖ్య పడిపోయి, మొత్తం ఉబ్బిపోతుంది. ఒక పడవ జట్టు కలిసే వస్తుంది, కలిసే మానేస్తుంది. అందువల్ల నిజమైన దోషం సూత్రం చెప్పినదానికంటే ఎక్కువ. పై పరిధిని ఇంకాస్త వెడల్పు చేసి చెప్పడమే నిజాయితీ.

బయటికెళ్లే ఇసుకతో సరిచూడండి. పడవకు 2 యూనిట్లు, రోజుకు 2 ట్రిప్పులు అయితే 17 పడవలకు 68 యూనిట్లు. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, దాదాపు 2.83 ఘనపు మీటర్లు, సుమారు 4.5 టన్నులు. మొత్తం 306 టన్నులు. ట్రాక్టర్‌కు యూనిట్ చొప్పున 68 ట్రాక్టర్లు వెళ్లాలి. గేటు దగ్గర 110 వెళ్తుంటే కొన్ని పడవలు మీ కంట పడలేదు, లేదా ఎక్కడో పొక్లెయిన్ తవ్వుతోంది, లేదా పాత గుట్ట ఖాళీ చేస్తున్నారు. ఏదో కనుక్కోకుండా అంకెను సర్దేయకండి. టన్ను సిమెంటుకు ఆరేడు టన్నుల ఇసుక, కంకర పడుతుందన్న ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనాతో గిరాకీ వైపు నుంచి కూడా చూడవచ్చు. అందులో కంకర, యంత్రాల తవ్వకం కలిసే ఉంటాయి కాబట్టి అది పై హద్దు మాత్రమే.

రేవుల నుంచి జిల్లాకు, జిల్లాల నుంచి దేశానికి, దేశాల నుంచి ప్రపంచానికి కూడేటప్పుడు ప్రతి అంకె పక్కన మూడు రాయండి: ఏ సంవత్సరం, ఏ నిర్వచనం, లెక్కపెట్టిందా ఊహించిందా. పరిధులు కూడడంలో ఒక మెలిక ఉంది. తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే వర్గాలు కూడి వర్గమూలం తీయవచ్చు: రెండు జిల్లాలకు 300, 400 చొప్పున దోషం ఉంటే కలిపి 500. అన్ని జిల్లాల్లోనూ ఆడవాళ్లనే వదిలేసి ఉంటే ఆ తప్పు ఒకే వైపు లాగుతుంది, అప్పుడు 700 అని నేరుగా కూడాల్సిందే. ప్రపంచ అంకెల్లో ఎక్కువగా ఉండేది ఈ రెండో రకమే.

ప్రచురించేటప్పుడు రేవు పేరుతో సంఖ్య ఇవ్వకండి. అనుమతి లేని చోట దాడి జరిగితే కేసు పడేది పడవ మీద ఉన్నవాడి మీదే. మండలం స్థాయికి కలిపి ఇవ్వండి; ఒక మండలంలో ఒకే ర్యాంపు ఉంటే పక్క మండలంతో కలిపేయండి.