అరకులో ఉండిపోదాం అనుకుంటే ముందు వానాకాలంలో వెళ్లండి

నవంబరులో అరకు మంచు, వలిసె పూలు చూస్తే అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. అనిపించింది కదా అని అడ్వాన్సు ఇచ్చేయకండి. అది ఏజెన్సీ, అంటే గిరిజనుల భూములకు ప్రత్యేక రక్షణ ఉన్న షెడ్యూల్డ్ ఏరియా. 1/70 అనే భూబదలాయింపు చట్టం ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు. "గిరిజనుల పేరు మీద రాయిద్దాం సార్" అనేవాళ్ల మాట అసలు వినొద్దు. ఇక మిగిలేది అద్దె; లీజు కూడా ఈ చట్టం కిందకే వస్తుంది కాబట్టి ముందు తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోండి. అదీ జులై, ఆగస్టుల్లో ఓ నెల ఉండి చూశాకే: ఆరని బట్టలు, పోయే కరెంటు, చెప్పులకు కూడా పట్టే బూజు. వారం వారం సంతకెళ్లండి. పసుపు అమ్మే అవ్వ "మళ్లీ వచ్చావా?" అందంటే ఊరు మిమ్మల్ని గుర్తుపట్టినట్టే. సొంత స్థలమే కావాలంటే కొండ దిగి వెతకండి. ఆ ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో ఉందో లేదో తహసీల్దార్ ఆఫీసులో తేల్చుకున్నాకే బేరం.